పాఠకుల ప్రశ్నలకు జవాబులు: జట్టులో చోటు వేరు, స్కాలర్‌షిప్పు వేరు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అమెరికాలో బంధువులు లేని వీధులు ఇప్పుడు తక్కువే. ఒకప్పుడు అక్కడి నుంచి వచ్చే ఫోన్లలో ఉద్యోగాలు, వీసాలు, ఇళ్ల అప్పుల సంగతులే వినిపించేవి. ఇప్పుడు అక్కడే పుట్టి పెరుగుతున్న మనవళ్ల, మనవరాళ్ల ఆటల కబుర్లు కూడా వస్తున్నాయి. ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఆ ఆటల పేరు మీద ఇచ్చే స్కాలర్‌షిప్పుల గురించినవే.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్ దగ్గర ఉంటున్నాడు. మనవడు అక్కడి హైస్కూల్లో పన్నెండో తరగతి చదువుతూ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు కనుక ముందు వరుసలో నిలబెడతారట. వేసవిలో ఒక యూనివర్సిటీ కోచ్ ‘ఆఫర్’ ఇచ్చాడంటే ఇక్కడ మేం మిఠాయిలు పంచాం. ఇప్పుడేమో ‘ప్రిఫర్డ్ వాక్-ఆన్’గా రమ్మంటున్నారని, అదీ మంచిదేనని మా అబ్బాయి అంటున్నాడు. ఇంతకీ స్కాలర్‌షిప్పు ఇచ్చినట్టా, ఇవ్వనట్టా? లక్షమంది పట్టే స్టేడియం ఉన్న యూనివర్సిటీకి ఒక్క కుర్రాడి ఫీజు బరువవుతుందా? (విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజాం)

జవాబు: మాస్టారూ, ఇవ్వనట్టే. మీ మనవడికి జట్టులో చోటు ఇస్తామన్నారు గానీ ఫీజు కడతామని అనలేదు. ఈ రెండూ వేర్వేరు సంగతులు. మీ అబ్బాయికి ఆ తేడా తెలిసే ఉంటుంది, పెద్దవారిని నిరుత్సాహపరచడం ఇష్టంలేక మాట మెత్తగా చెప్పి ఉంటాడు.

మిగతా పాఠకుల కోసం ముందుగా ఒక మాట. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో మన పిల్లలు కాలితో ఆడే ఆట కాదు. దాన్ని వాళ్లు సాకర్ అంటారు. వాళ్ల ఫుట్‌బాల్‌లో బంతి కోలగా ఉంటుంది, ఎక్కువగా చేతులతోనే ఆడతారు. మైదానంలో ఒక్కో వైపు 11 మందే కనిపించినా, దాడికి ఒక దళం, రక్షణకు మరో దళం, బంతిని తన్నే సందర్భాలకు ఇంకొందరు విడివిడిగా ఉంటారు, గాయాలు కూడా ఎక్కువ. అందువల్ల పెద్ద యూనివర్సిటీల్లో జట్టు బలం వందకు అటూ ఇటూగా ఉంటుంది.

ఇక మీరు వేసిన స్టేడియం ప్రశ్న చాలా సరైన ప్రశ్న. మీ అబ్బాయి ఉంటున్న టెక్సాస్‌లోనే ‘ఏ అండ్ ఎం’ యూనివర్సిటీ మైదానంలో లక్షమందికి పైగా కూర్చోవచ్చు. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియం సామర్థ్యం 1,07,601. అంత రాబడి ఉన్నచోట ఫీజు భారం కాదు. ఇన్నాళ్లూ అడ్డు వచ్చింది డబ్బు కాదు, సంఖ్య. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ అనే సంఘం 1973 వరకు ఫుట్‌బాల్ స్కాలర్‌షిప్పులకు దేశమంతటికీ వర్తించే పరిమితి పెట్టలేదు. సొమ్మున్న యూనివర్సిటీలు తమకు అవసరమైనవాళ్లనే కాక, పక్క జట్టుకు పోకూడదనుకున్నవాళ్లను కూడా తెచ్చి బెంచీ మీద కూర్చోబెట్టేవని అప్పట్లో గట్టి విమర్శ ఉండేది. పరిమితి రాబోతున్న ఆ ఏడాదే పిట్స్‌బర్గ్ యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన కోచ్ జానీ మేజర్స్ ఒక్క విడతలో డజన్ల కొద్దీ కుర్రాళ్లను చేర్చుకున్నాడు. వాళ్లలో ఒకడైన టోనీ డోర్సెట్ 1976లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు, ఆ ఏడాదే ఆ జట్టు జాతీయ విజేత అయింది. ఎక్కువమందిని తెచ్చుకోగలగడం ఎంత పెద్ద బలమో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు. 1973లో మొత్తం 105, ఏడాదికి కొత్తగా 30 అని గీత గీశారు. 1978లో మొత్తాన్ని 95కు దించారు. 1992 నుంచి మెట్లు మెట్లుగా తగ్గించి 1994 నాటికి 85 చేశారు. ఆ 85 అనే అంకె మూడు దశాబ్దాలు కదలలేదు. అంటే యూనివర్సిటీ ఖజానాలో ఎంత సొమ్మున్నా 86వ కుర్రాడికి ఆట పేరు మీద ఫీజు కట్టే హక్కు దానికి ఉండేది కాదన్నమాట. ఆ 86వ కుర్రాడు, ఆ తర్వాతివాళ్లు సొంత డబ్బుతో చదువుకుంటూ జట్టులో ఉండేవారు. వాళ్లనే వాక్-ఆన్‌లు అంటారు. కోచ్ తానే పిలిచి, పరీక్షా పోటీలు లేకుండా జట్టులో చోటు ఉంటుందని మాట ఇచ్చినవాడు ‘ప్రిఫర్డ్’ వాక్-ఆన్.

ఎన్‌సీఏఏ యూనివర్సిటీలను మూడు డివిజన్లుగా విడదీస్తుంది. ఇదంతా మొదటి డివిజన్‌లోని అగ్రశ్రేణి సంగతి. అదే డివిజన్‌లో దాని కింది శ్రేణి జట్లకు 63 స్కాలర్‌షిప్పులు, రెండో డివిజన్‌కు 36. వాటిని ముక్కలు చేసి ఎక్కువమందికి పంచుకోవచ్చు. మూడో డివిజన్‌లో ఆట పేరు మీద ఒక్క డాలరు కూడా ఇవ్వరు. హార్వర్డ్, యేల్ వంటి ఐవీ లీగ్ యూనివర్సిటీలు కూడా ఆటకు స్కాలర్‌షిప్పు ఇవ్వవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి మాత్రమే సాయం చేస్తాయి.

ఈ లెక్క 2025 జూలై 1 నుంచి మారింది. ఆటగాళ్లు వేసిన, హౌస్ కేసుగా పేరుపడిన దావాలో కుదిరిన ఒప్పందాన్ని ఆ ఏడాది జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. ఆ ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు స్కాలర్‌షిప్పుల సంఖ్య మీద పరిమితి పోయి, దాని బదులు జట్టులో ఉండగల మనుషుల సంఖ్య మీద పరిమితి వచ్చింది. ఫుట్‌బాల్‌కు అది 105. కావాలంటే ఆ 105 మందికీ ఫీజు కట్టవచ్చు. పైపైన చూస్తే ఇది మీ మనవడి వంటివారికి మేలు చేసే మార్పులాగే కనిపిస్తుంది. నా అభిప్రాయం వేరు. కట్టవచ్చు అన్నారే గానీ కట్టాలి అనలేదు. పైగా ఆ ఒప్పందమే ఆటగాళ్లకు నేరుగా డబ్బు చెల్లించడానికి వీలు కల్పిస్తూ 2025-26కు ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 2.05 కోట్ల డాలర్ల గరిష్ఠ హద్దు పెట్టింది, కొత్తగా పెంచే స్కాలర్‌షిప్పుల ఖర్చులో 25 లక్షల డాలర్ల దాకా అందులోకే లెక్కకు వస్తుంది. కనుక బెంచీ మీది కుర్రాడికి ఫీజు కట్టాలా, ఆ సొమ్ముతో పేరున్న ఆటగాణ్ని నిలుపుకోవాలా అని ప్రతి కోచ్ లెక్క వేసుకుంటాడు. ఇంతకు ముందు 85 మంది స్కాలర్‌షిప్పు ఆటగాళ్లతో పాటు వాక్-ఆన్‌లు ఎంతమందైనా ఉండేవారు, 120 దాటిన జట్లు మామూలే. ఇప్పుడు 105 దగ్గర తలుపు మూసుకుంటుంది కనుక వాక్-ఆన్ చోటుకు ఉన్న భద్రత పలచబడింది.

అందుచేత మీ అబ్బాయి కోచ్‌ను అడగవలసిన మొదటి మాట ఫీజు గురించి కాదు. ఆటల కాలం మొదలయ్యే నాటికి మా వాడు 105లో ఉంటాడా, ఉండకపోతే ఆ సంగతి మాకు ఏ నెలలో తెలుస్తుంది అని సూటిగా అడగమనండి. జవాబును ఈమెయిల్లో రాసి పంపమనడంలో మొహమాటం అక్కరలేదు. ఆ యూనివర్సిటీ టెక్సాస్ ప్రభుత్వానిదైతే, ఆ రాష్ట్రవాసులకు ఫీజు బయటివారికన్నా బాగా తక్కువ. దానికి చదువు మీద వచ్చే స్కాలర్‌షిప్పు తోడైతే ఆట డబ్బు లేకపోయినా బరువు మోయగలిగేదే కావచ్చు. పక్క రాష్ట్రమైతే మాత్రం వాక్-ఆన్‌గా వెళ్లడం ఖరీదైన కోరిక.

వేసవిలో వచ్చిన ‘ఆఫర్’ ఏమైందంటారా? నోటిమాట ఆఫర్ ఇద్దరినీ కట్టిపడేయదు. పాతిక చోట్లు నింపుకోవలసిన జట్టు వందల ఆఫర్లు ఇవ్వడం అక్కడ రివాజు. ముందున్నవాళ్లు ఒప్పుకుంటూ వస్తే వెనకున్నవాళ్ల ఆఫర్లు చడీచప్పుడు లేకుండా చల్లారిపోతాయి. కుర్రాళ్లు కూడా ఒకచోట సరేనని మరోచోట చేరుతుంటారు, కాబట్టి తప్పు ఒకవైపే ఉందనలేం. 1964 నుంచి నడిచిన ‘నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్’ అనే అంగీకార పత్రాన్ని 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు యూనివర్సిటీ ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందం మీద సంతకాలు పడితేనే స్కాలర్‌షిప్పు ఖాయమైనట్టు. ఆ సంతకాలకు డిసెంబరు మొదట్లో ఒక గడువు, ఫిబ్రవరి మొదటి బుధవారం నుంచి మరొకటి ఉంటాయి. మిఠాయిలు ఆ రోజున పంచండి.

వాక్-ఆన్‌గా వెళ్లినవాళ్లు పైకి రారని కాదు. బేకర్ మేఫీల్డ్ 2013లో టెక్సాస్ టెక్‌లో, ఆ తర్వాత ఓక్లహామాలో వాక్-ఆన్‌గానే అడుగుపెట్టి 2017లో హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, 2018లో వృత్తి జట్ల ఎంపికలో మొట్టమొదటి పిలుపు అతనికే వచ్చింది. అక్కడి కోచ్‌లు మీ అబ్బాయికి ఈ పేరే చెబుతారు కనుక ముందుగా చెబుతున్నాను. అతని పేరు అందరికీ గుర్తుండడానికి కారణం అలా జరగడం అరుదు కావడమే.

ప్రశ్న: పరిమితి ఉన్నప్పుడు దేశంలోని అత్యుత్తమ ఆటగాళ్లను వరసగా తీసుకుంటే సరిపోతుంది కదా! ‘ఐదు నక్షత్రాల’ ఆటగాణ్ని వదిలి ‘మూడు నక్షత్రాల’ వాణ్ని ఎందుకు తీసుకుంటారు? (డిగ్రీ విద్యార్థి, విజయనగరం)

జవాబు: నక్షత్రాలు ఇచ్చేవి 247 స్పోర్ట్స్, రైవల్స్ వంటి వెబ్‌సైట్లు, స్కాలర్‌షిప్పు ఇచ్చేది కోచ్. కోచ్ గదిలో ఒక పెద్ద బోర్డు ఉంటుంది. దాని మీద ఆటగాళ్ల పేర్ల పట్టీలు ప్రతిభా క్రమంలో కాక, ఆడే చోటును బట్టి నిలువు వరసల్లో ఉంటాయి. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మైదానంలో ఒక్కడే ఉంటాడు కనుక ఆ వరసలో మూడు నాలుగు పేర్లకు మించి చోటు వృథా. అతనికి అడ్డుగోడగా నిలిచేవాళ్లు ఒకేసారి ఐదుగురు కావాలి, వాళ్లకు దెబ్బలూ ఎక్కువ తగులుతాయి, కాబట్టి ఆ వరసలో పదిహేను పేర్ల దాకా ఉంటాయి. వచ్చే ఏడాది ఆ పదిహేనులో చదువు ముగించి వెళ్లేవాళ్లు ఎందరు, ఆ ఖాళీల్లోకి ఇప్పుడు పదకొండో తరగతిలో ఉన్నవాళ్లలో ఎవరు సరిపోతారు అన్నది ఆ బోర్డు మీద రోజూ సాగే పని. క్వార్టర్‌బ్యాక్ వరస నిండిపోయి ఉంటే ఐదు నక్షత్రాలవాడు వస్తానన్నా ఆలోచిస్తారు, గోడ వరసలో కంత పడితే మూడు నక్షత్రాలవాడి ఇంటికి కోచ్ విమానమెక్కి వెళ్తాడు.

ఒకప్పుడు మొత్తం 85తో పాటు ఏడాదికి కొత్తగా 25 మందినే చేర్చుకోవాలన్న నియమం కూడా ఉండేది. కొందరు కోచ్‌లు ఉన్న ఖాళీలకు మించి సంతకాలు చేయించుకుని, ఆగస్టు నాటికి లెక్క కుదరడానికి ఎవరినో ఒకరిని పక్కకు తప్పించేవారు. ఒకణ్ని జనవరిలో చేరమనేవారు, మరొకణ్ని గాయం పేరు చెప్పి ఆట నుంచి విరమింపజేసేవారు, ఇంకొకణ్ని ‘నీకు ఇక్కడ ఆడే అవకాశం రాదు’ అంటూ వేరే కాలేజీ చూసుకోమనేవారు. నాకు ఈ మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా అసహ్యంగా తోచేది ఇదే. పరిమితి పెట్టిన ఉద్దేశం ఒక జట్టు మరీ బలపడకూడదని. దాని భారం మాత్రం చిట్టచివరి కుర్రాడి నెత్తిన పడింది.

ఆ 25 నియమాన్ని 2022లో పక్కన పెట్టారు, ఆ తర్వాత పూర్తిగా తీసేశారు. కారణం ట్రాన్స్‌ఫర్ పోర్టల్. 2018 అక్టోబరు 15న మొదలైన ఈ ఆన్‌లైన్ జాబితాలో పేరు నమోదు చేసుకున్న ఆటగాణ్ని ఏ యూనివర్సిటీ అయినా సంప్రదించవచ్చు. 2021 నుంచి ఒకసారి, 2024 నుంచి చదువు సరిగా సాగుతున్నంతవరకు ఎన్నిసార్లయినా, ఆటలో ఏడాది కోల్పోకుండా కాలేజీ మారే వీలు వచ్చింది. దానితో కోచ్‌లు కొన్ని చోట్లను హైస్కూలు పిల్లలకు ఇవ్వకుండా, మరోచోట రెండేళ్లు ఆడి రాటుదేలినవాళ్ల కోసం అట్టిపెట్టుకోవడం మొదలుపెట్టారు. నేటి పన్నెండో తరగతి పిల్లవాడు పోటీపడుతున్నది తన ఈడువాళ్లతో మాత్రమే కాదు, ఇరవై రెండేళ్లవాళ్లతో కూడా. రాజాం మాస్టారి మనవడి ఆఫర్ చల్లారడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. 400 మీటర్ల పరుగులో, లాంగ్ జంప్‌లో రాష్ట్రస్థాయి పతకాలున్నాయి. అమెరికాలో ఫుట్‌బాల్ వాళ్లకు ఇచ్చినట్టే పూర్తి స్కాలర్‌షిప్పు ఇప్పిస్తామని, ఇప్పుడు కొంత కట్టి, స్కాలర్‌షిప్పు వచ్చాక అందులో కొంత శాతం ఇవ్వాలని విశాఖపట్నంలో ఒక సంస్థ ఒప్పంద పత్రం ఇచ్చింది. సంతకం చేయవచ్చా? (గృహిణి, బొబ్బిలి)

జవాబు: చేయవద్దమ్మా. అందులోని ‘శాతం’ అన్న మాట ఒక్కటి చాలు, మీ అమ్మాయి అవకాశానికే ముప్పు తెస్తుంది. క్రీడాకారుల వివరాలు, వీడియోలు కోచ్‌లకు పంపిపెట్టే సంస్థలు నిర్ణీత రుసుము తీసుకోవడాన్ని ఎన్‌సీఏఏ అనుమతిస్తుంది. కానీ స్కాలర్‌షిప్పు వస్తేనే ఇంత, వచ్చినదాంట్లో ఇంత అని ముడిపెడితే ఆ సంస్థను ఏజెంటుగా లెక్కగడుతుంది, ఆ సంతకం వల్ల క్రీడాకారిణి ఆడే అర్హతే ప్రశ్నార్థకమవుతుంది. స్కాలర్‌షిప్పు ఇవ్వగలిగేది యూనివర్సిటీ ఒక్కటే, దానికి సిఫారసు చేయగలిగేది అక్కడి కోచ్ ఒక్కరే. మధ్యలో ఎవరూ ‘ఇప్పించలేరు’.

ఫుట్‌బాల్ వాళ్లకు ఇచ్చినట్టే అన్నది కూడా సరికాదు. నిన్నమొన్నటి దాకా అక్కడ రెండు పద్ధతులుండేవి. అగ్రశ్రేణి ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, ఆడవాళ్ల వాలీబాల్, టెన్నిస్, జిమ్నాస్టిక్స్‌లో తలల లెక్క. అంటే ఒకరికి కొంత ఇచ్చినా ఒక పూర్తి స్కాలర్‌షిప్పు వాడినట్టే లెక్క, కనుక ఇస్తే పూర్తిగానే ఇచ్చేవారు. అథ్లెటిక్స్ వంటి ఆటల్లో వాటాల లెక్క. మొదటి డివిజన్‌లో ఆడవాళ్ల అథ్లెటిక్స్ జట్టుకు 18 స్కాలర్‌షిప్పులు, మగవాళ్లకు 12.6, పరుగులు, దూకుళ్లు, విసుర్లు అన్నిటికీ కలిపి వాటినే పంచాలి. ఒకరికి సగం, ఒకరికి పావు, ఒకరికి పుస్తకాల ఖర్చు మాత్రమే దక్కేది. 2025 మార్పు తర్వాత ఒప్పందంలో చేరిన యూనివర్సిటీలకు ఇక్కడా సంఖ్యా పరిమితి పోయి 45 మంది జట్టు అన్న హద్దు వచ్చింది. అయినా అథ్లెటిక్స్‌కు టిక్కెట్లు అమ్ముడుపోయి రాబడి వచ్చేది లేదు కనుక, చాలాచోట్ల పంపకం పాత పద్ధతిలోనే సాగుతుంది.

ఆడపిల్లల వాటా ఎక్కువగా ఉండడానికి కారణం కూడా ఫుట్‌బాలే. 1972 నాటి టైటిల్ నైన్ అనే చట్టం ప్రకారం, కేంద్ర నిధులు తీసుకునే విద్యాసంస్థలు క్రీడా స్కాలర్‌షిప్పుల సొమ్మును ఆడ, మగ క్రీడాకారుల నిష్పత్తికి తగ్గట్టు పంచాలి. 85 మంది మగవాళ్ల ఫుట్‌బాల్ జట్టుకు సాటిగా ఆడవాళ్ల వైపు చూపించదగిన ఆట లేదు, అందుకని మిగతా ఆటల్లో ఆడవాళ్ల వాటా పెంచి తూకం సరిచేశారు. మీ అమ్మాయికి ఆ మేరకు అనుకూలమే.

సంస్థతో పని లేకుండా మీరే చేయదగినవి చాలా ఉన్నాయి. అమ్మాయి పరుగు సమయాలు చేతి గడియారంతో తీసినవా, ఎలక్ట్రానిక్ యంత్రంతో తీసినవా అన్నది కోచ్ మొదట చూస్తాడు. చేతితో తీసిన 400 మీటర్ల సమయానికి 0.14 సెకను కలిపి చదువుకోవడం ఆనవాయితీ కనుక, ఎలక్ట్రానిక్ యంత్రం ఉన్న పోటీల్లో కనీసం ఒకటి రెండు ఫలితాలు సంపాదించండి, వాటి అధికారిక ఫలితాల పత్రం దాచండి. లాంగ్ జంప్ దూరం పక్కన గాలి వేగం కూడా నమోదై ఉండాలి. అనుకూల గాలి సెకనుకు 2 మీటర్లు దాటితే ఆ దూకును రికార్డులకు లెక్కించరు. వీడియోకు సంగీతం, మెరుపులు అక్కరలేదు. 400 మీటర్ల పరుగును స్టాండు పైమెట్టు మీద నిలబడి మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా తీసినది చాలు. వీటితో నేరుగా కోచ్‌లకు ఈమెయిల్ రాయవచ్చు, వాళ్ల చిరునామాలు యూనివర్సిటీ వెబ్‌సైట్లలోనే ఉంటాయి.

చదువు వైపు నుంచి చూస్తే ఎన్‌సీఏఏ ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు తప్పనిసరి. వాళ్లు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా చదివిన వాటిలో 16 ప్రధాన విషయాలను లెక్కిస్తారు. మొదటి డివిజన్‌కు వాటిలో సగటు 4కు 2.3 గ్రేడు తగ్గకూడదు. శాట్ పరీక్షను అర్హత నిబంధనల నుంచి 2023లో తీసేశారు, అయితే ప్రవేశానికి యూనివర్సిటీ అడగవచ్చు. పదో తరగతి మెమో, ఇంటర్ మెమోలు అసలువి జాగ్రత్త. ఇంటర్ అయ్యాక లాంగ్‌టర్మ్ కోచింగ్ అంటూ ఏడాది, రెండేళ్లు ఆగితే ఆడే కాలం తరిగిపోయే నిబంధనలున్నాయి కనుక ఆ ఆలోచన ఉంటే ముందే తేల్చుకోండి.

మన దేశం నుంచి ఇలా వెళ్లినవాళ్లు లేకపోలేదు. సోమ్‌దేవ్ దేవ్‌వర్మన్ వర్జీనియా యూనివర్సిటీ తరఫున 2007, 2008లో వరసగా కాలేజీ టెన్నిస్ సింగిల్స్ విజేత. హైజంపర్ తేజస్విన్ శంకర్ కాన్సాస్ స్టేట్ విద్యార్థిగా 2018లో, మళ్లీ 2022లో ఎన్‌సీఏఏ టైటిల్ గెలిచాడు. మన తెలుగువాడు సాకేత్ మైనేని ఫుట్‌బాల్‌కు పేరుమోసిన అలబామా యూనివర్సిటీలో టెన్నిస్ ఆడాడు. ఇంకొక్క హెచ్చరిక: 2021 జూలై నుంచి అక్కడి క్రీడాకారులు ప్రకటనలతో సంపాదించుకోవచ్చు, కానీ విద్యార్థి వీసా మీద వెళ్లినవాళ్లకు ఉద్యోగ నిబంధనలు అడ్డువస్తాయి. ఆ లెక్కలేవో చూపి మిమ్మల్ని ఊరిస్తే నమ్మకండి.

ప్రశ్న: మా కొండవెలగాడ చుట్టుపక్కల వెయిట్‌లిఫ్టర్లు ఇంటికొకరుంటారు. వీళ్లకు ఈ దారి పనికొస్తుందా? (వ్యాయామోపాధ్యాయుడు, నెల్లిమర్ల)

జవాబు: పనికిరాదు మాస్టారూ. వెయిట్‌లిఫ్టింగ్ ఎన్‌సీఏఏ పోటీ క్రీడల జాబితాలో లేదు. కబడ్డీ, క్రికెట్ కూడా లేవు. సిడ్నీ 2000లో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన మన కరణం మల్లీశ్వరి అమెరికాలో చదువుకోవాలనుకున్నా బరువులెత్తినందుకు అక్కడ ఎన్‌సీఏఏ స్కాలర్‌షిప్పు దొరికేది కాదు. ఇందులో చిన్న వింత ఉంది. ఫుట్‌బాల్ ఆటగాళ్ల వ్యాయామశాలలో రోజూ చేయించేది మీ పిల్లలు చేసే క్లీన్, స్క్వాట్లే. మీ శిష్యుల్లో షాట్‌పుట్, డిస్కస్ వైపు మళ్లగల దేహం ఉన్నవాళ్లుంటే బొబ్బిలి వారికి చెప్పిన దారి వాళ్లకూ వర్తిస్తుంది. ఆడపిల్లల కుస్తీ 2026 నుంచి ఎన్‌సీఏఏ జాతీయ పోటీగా ఉంది, అదీ గమనించదగ్గదే. మిగతావారికి రైల్వే, సైన్యం, పోలీసు శాఖల క్రీడా కోటాలే దగ్గరి దారి.

ప్రశ్న: మోకాలు విరిగితే స్కాలర్‌షిప్పు పోతుందా? కోచ్ మారిపోతే? (పాఠకుడు, పలాస)

జవాబు: ఇదివరకైతే పోయేది, చట్టబద్ధంగానే పోయేది. 1973 నుంచి స్కాలర్‌షిప్పు ఏడాదికోసారి పొడిగించేదిగా మారింది. పొడిగించకపోతే అడిగే దిక్కు పెద్దగా లేదు. 2012 నుంచి ఒకేసారి నాలుగేళ్లకు ఇచ్చే వీలు కల్పించారు, 2015లో అతిపెద్ద ఐదు లీగులు ఆట బాగాలేదనో గాయమనో తగ్గించకూడదని తీర్మానించుకున్నాయి. 2024 ఆగస్టు 1 నుంచి ఆ రక్షణ మొదటి డివిజన్ మొత్తానికి వచ్చింది. ఆటలో తగిలిన గాయాలకు యూనివర్సిటీ వదిలిన తర్వాత కూడా కనీసం రెండేళ్లు వైద్య ఖర్చు భరించాలన్న నియమమూ వచ్చింది. కోచ్ మారినా ఒప్పందం యూనివర్సిటీతోనే కనుక డబ్బు ఆగదు. ఆడే అవకాశం మాత్రం కొత్త కోచ్ చేతిలో ఉంటుంది. అక్కడే మెలిక. కొత్త కోచ్ పిలిచి ‘పోర్టల్‌లో పేరు పెట్టుకో, నీకే మంచిది’ అంటాడు. కుర్రాడు పేరు పెట్టిన మరుక్షణం ఆ సెమిస్టరు తర్వాత సాయం ఆపే స్వేచ్ఛ యూనివర్సిటీకి వస్తుంది, బయట మరో యూనివర్సిటీ పిలుస్తుందన్న హామీ ఎవరూ ఇవ్వరు. కనుక ఒప్పంద పత్రంలో ఎన్నేళ్లకు అన్న వరుసను, పోర్టల్‌కు సంబంధించిన వరుసను సంతకానికి ముందు చదవాలి. పదిహేడేళ్ల పిల్లవాడు చదవడు, తల్లిదండ్రులే చదవాలి.

ప్రశ్న: స్కాలర్‌షిప్పు మీద అమెరికాలో పన్ను ఉంటుందా? (ఆడిటర్, శ్రీకాకుళం)

జవాబు: ట్యూషన్ ఫీజుకు, తప్పనిసరి పుస్తకాలకు ఇచ్చిన భాగం మీద ఉండదు. గది, భోజనం కోసం ఇచ్చిన భాగం మీద ఉంటుంది. మన దేశం నుంచి విద్యార్థి వీసా మీద వెళ్లినవారికి ఆ భాగం నుంచి సాధారణంగా 14 శాతం ముందే మినహాయిస్తారు. భారత్-అమెరికా పన్ను ఒప్పందంలోని 21వ అధికరణం వల్ల మన విద్యార్థులు రిటర్ను వేసేటప్పుడు స్టాండర్డ్ డిడక్షన్ అడగవచ్చు, ఇది చాలా దేశాల విద్యార్థులకు లేని వెసులుబాటు. చాలామందికి కోసిన సొమ్ము వెనక్కి వచ్చేది దీనివల్లే. యూనివర్సిటీ మార్చి నెల మధ్యలోగా 1042-ఎస్ అనే ఫారం ఇస్తుంది, రిటర్నుకు అది కావాలి.